గుడ్డు ఎండ్రకాయలకు బొట్టు

ఆ రోజుల్లో ప్రపంచ వ్యాపారమంతా నాకు అర్థమైపోయిందని గట్టి నమ్మకం ఉండేది. తిరుపతిలో ఎంబీఏ అప్పుడే ముగించాను. (తర్వాత చదివిన పుస్తకాల వల్ల ఆ నమ్మకం కొంత తగ్గింది, మిగతాది మా అత్త తగ్గించింది.) మామ పోయినప్పటి నుంచి ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయన ముఖం కాదు, కుంకుమ బొట్లు పెట్టుకుని తడి గోనెపట్టా కింద వరసగా పడుకున్న ఎండ్రకాయలు, అదే పీతలు. ఎందుకో చెబుతాను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నగరిలో మరమగ్గాలు నడిపేవాడు. చైనా గుడ్డ మా గుడ్డకంటే చవగ్గా దిగడం మొదలయ్యాక ఒక్కో మగ్గమే ఆగిపోతూ వచ్చింది. చివరికి ఆయన అత్తను వెంటబెట్టుకుని సూళ్లూరుపేట అవతల పులికాట్ సరస్సు ఒడ్డుకు చేరి, జాలర్ల దగ్గర బతికున్న ఎండ్రకాయలు కొని చెన్నై ఏజెంటుకు పంపే డిపో పెట్టాడు. అవీ పోయేది చైనాకే. కడుపునిండా గుడ్డున్న ఆడ ఎండ్రకాయలంటే అక్కడివాళ్ళకు ప్రాణమట. "మన పని తీసుకునిందీ వాళ్ళే, పని ఇచ్చిందీ వాళ్ళే. మనమొకరం ఉండామని మాత్రం వాళ్ళకి తెల్దు పాపా" అనేవాడు మామ, కోపం లేకుండా.

ఆ మాటకు నేను చాలా పెద్ద జవాబు చెప్పాను. మధ్యలో ఏజెంటు ఎందుకు, నేరుగా కొనుగోలుదారుకే అమ్మాలన్నాను. కాగితం మీద డబ్బాలు గీసి, బాణాలు వేసి చూపించాను. మామకు బాణాలు అర్థం కాలేదు గానీ, నా మీద నమ్మకంతో ఒప్పుకున్నాడు. ఫోన్లో వెతికి ఒక చైనా వ్యాపారిని పట్టాను. ఆయన రాసేది యాప్ తెలుగు చేసేది, నేను రాసేది చైనా భాష చేసేది. మొదటి లోడ్ బాగుంటే ప్రతి వారం కొంటానన్నాడు. ఈ సంగతి చెన్నై ఏజెంటు చెవిన పడి, ఇకమీదట మీ సరుకు నాకొద్దని కబురు పెట్టాడు. అంటే ఈ లోడ్ తిరిగొస్తే డిపో మూసుకుని, మామ నగరిలో ఇంకొకరి మగ్గం మీద కూలికి కూర్చోవాలి.

లోడ్ పోయే రోజు మామ వ్యాను కోసం వెళ్ళాడు. నేను కాగితాలు ఫొటోలు తీస్తున్నాను. తలెత్తేసరికి అత్త పసుపు కుంకుమల పళ్ళెం ముందు పెట్టుకుని, కాళ్ళు కట్టేసిన ఒక్కో ఎండ్రకాయ వీపు మీద పసుపద్ది, దాని మీద కుంకుమ పెడుతోంది. (నగరిలో ఉన్నప్పుడు మగ్గం నుంచి కోసిన మొదటి చీరకు కూడా ఆమె చేతి బొట్టు పడాల్సిందే.) వాళ్ళకు సరుకు శుభ్రంగా ఉండాలి, ఇవన్నీ పెట్టకూడదు అన్నాను.

"ఆడవి, పైగా కడుపుతో ఉండేటివి. మొదటిసారి గడప దాటతా ఉండాయి. బొట్టు లేకుండా యెట్ల పంపేది?"

"అత్తా, వాళ్ళు వీటిని తినేదానికి తీసకపోతా ఉండారు."

"వాళ్ళు చేసేది వాళ్ళిష్టం. మనం పంపేది మనం సరిగ్గా పంపాల."

నేను మళ్ళీ కాగితాల ఫొటోల్లో పడ్డాను. మామ వచ్చి చూశాడు, అత్త ముఖం చూశాడు, పెట్టెల మూతలు వేశాడు.

సరుకు చేరగానే చైనా వ్యాపారి నుంచి మెసేజ్ వచ్చింది. పీతల మీద ఎర్ర మచ్చలున్నాయి, ఇది ఏ జబ్బు, లోడ్ ఆపేశాను అని. మామ బోర్లించిన టబ్బు మీద కూర్చుండిపోయాడు. నేను మన సంప్రదాయం గురించి, స్త్రీ గౌరవం గురించి ఒక వ్యాసమే రాసి పంపాను. జవాబు లేదు. మామ నా ఫోన్ వైపు కాసేపు చూసి, "నువ్వు రాసేది నాకే అర్థం కాదు. ఆమె పెట్టేది సూపించు" అన్నాడు. అత్తను కూర్చోబెట్టి వీడియో తీసి పంపాను. అందులో ఆమె ఒక ఎండ్రకాయను మందలిస్తోంది: "కదలొద్దే, కంట్లో పడతాది."

మరునాడు ఆ వ్యాపారి తడి వేలితో బొట్టు తుడిచిన ఎండ్రకాయ ఫొటో పంపి, ఇది జబ్బు కాదు, లోడ్ తీసుకున్నాను అన్నాడు. అక్కడ జనం ఫోన్లో లైవ్ చూస్తూ సరుకు కొంటారట. ఆయన అత్త వీడియోను అందులో చూపించాడట. ఇప్పుడు అందరూ బొట్టున్నవే కావాలంటున్నారు, వచ్చేసారి బొట్టు సరిగ్గా నడిమధ్య ఉండేలా చూడండి అని రాశాడు. అది చదివి వినిపిస్తే అత్త నొచ్చుకుంది. తాను పక్కకు పెట్టింది ఎప్పుడంట?

ఏడాది తిరిగేలోపు చుట్టుపక్కల డిపోలన్నీ బొట్లు మొదలుపెట్టాయి. ఒకాయన తొందరలో మగవాటికీ పెట్టించాడు. మామ పిలిచి, "మగోటికి నామం పెట్టల్లప్పా, తిరుపతికి దగ్గరోళ్ళం గదా" అని బుద్ధి చెప్పాడు. నేను దీన్నంతా పోటీలో ప్రత్యేకత అనే పేరుతో ఒక కాలేజీలో ఉపన్యాసంగా చెప్పాను. అదే కాలేజీలో ఉద్యోగం కూడా వచ్చింది.

పోయిన నెల మామ పోయాడు. కర్మ అయ్యాక డిపో తెరిచాం గానీ అత్త షెడ్డులోకి రాలేదు. లోడ్ బొట్టు లేకుండానే పోయింది. బొట్టు ఏది, అందరూ అడుగుతున్నారు, ఆ అమ్మ బాగున్నారా అని చైనా నుంచి మెసేజ్ వచ్చింది. అత్తకు చదివి వినిపించాను. తరువాతి లోడ్ నాటికి పళ్ళెం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. ఆమె నుదురు ఖాళీగా ఉంది. చూడవచ్చిన బంధువొకావిడ, నువ్వింక కుంకుమ ముట్టకూడదు గదా అంది.

"నేను పెట్టుకోలేదు గదమ్మా" అంది అత్త, చేతిలో పని ఆపకుండా. "పొయ్యేటివి వాటి దోవన పోతా ఉండాయి. సాగనంపేదానికి ఎవురో ఒకరు ఉండాల."

పెట్టెలన్నీ అయ్యాక నేను తిరుపతి బస్సుకు బయల్దేరాను. అత్త పిలిచి, వేలికి మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టింది. సరుకు శుభ్రంగా ఉండాలని ఒకప్పుడు ఆమెకు పాఠం చెప్పినదాన్ని, కదలకుండా నిలబడ్డాను. బస్సు కిటికీ అద్దంలో చూసుకుంటే బొట్టు సరిగ్గా నడిమధ్య ఉంది.