నిండు గీతలు

ఆశాజ్యోతి ఏం పని చేస్తుందో నరసాపురంలో ఆమె వీధివాళ్ళకి సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే ఆమె భర్త సాల్మన్, "కంప్యూటర్ పనండి, ఇంట్లోంచే చేసుకుంటుంది" అని ఊరుకునేవాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. అంతకంటే వివరంగా చెప్పడం ఆయనకీ కష్టమే.

సెల్ టవరు కింద ఒక పెట్టె ఉంటుంది. మన ఫోను మాట్లాడేది మొదట దానితోనే. దాన్ని బేస్ స్టేషన్ అంటారు. ఆ పెట్టెను నడిపించే సాఫ్ట్‌వేరును పెద్ద కంపెనీలు తాళం వేసి అమ్ముకుంటాయి. ఆశాజ్యోతి పనిచేసేది తాళం వేయని సాఫ్ట్‌వేరు మీద. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినవాళ్ళు ఆ మార్పును తిరిగి పంపిస్తే, చూసి, తప్పులు పట్టి, కలపాలో వద్దో తేల్చేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళలో ఆమె ఒకతె. ఎక్కడో బ్రెజిల్లో ఒక కుర్రాడు రాసిన పదిలైన్లు నరసాపురం టేలర్ పేటలో వంటింటి పక్కగదిలో ఆగి, ఆమె సరే అంటేనే ముందుకు కదిలేవి.

ఆ గుంపులో ఆమెకు కాస్త కరుకుమనిషని పేరు. "పరీక్ష కోసం తెరిచిన తలుపు మళ్ళీ వేశావా?" అని ఆమె అడగకుండా ఏ మార్పూ దాటేది కాదు. కొత్తవాళ్ళు విసుక్కునేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం ఆమె చూసిందంటే ధైర్యంగా ఉండేవాళ్ళు. తండ్రి అబ్రహాము టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి పోయాడు. తుఫాను వెలిశాక సైకిలు మీద ఇంటింటికీ వెళ్ళి, తిట్లు తిని, లైను కలిపి వచ్చేవాడు. ఆ పెంపకం వల్లనేమో, పని అంటే ఆమెకు కొంచెం భక్తి, కొంచెం గర్వం.

రాజమండ్రిలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. గోదావరి మధ్యలో ఉన్న చింతావారిలంకలో, స్కూలు డాబా మీద, సోలార్ పలకలతో నడిచే చిన్న బేస్ స్టేషన్ పెట్టి చూడాలని వాళ్ళ ఆలోచన. ప్రయోగానికి ప్రభుత్వ అనుమతి తెచ్చుకున్నారు. షరతు ఒక్కటే. కాలేజీవాళ్ళిచ్చిన ప్రత్యేకమైన సిమ్ములున్న ఫోన్లే ఆ పెట్టెకు తగులుకోవాలి, ఊళ్ళో మామూలు ఫోన్ల జోలికి అది పోకూడదు. ఆ ఫోన్లు కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికే, బయటి ప్రపంచానికి దారి లేదు. ఒకటి పడవ నడిపే అబ్బులుకిచ్చారు, ఒకటి స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌కి, మిగిలినవి ఊళ్ళో నలుగురికి.

వేసవిలో కాలేజీ పిల్లలు చూడటానికొచ్చారు. వాళ్ళ సొంత ఫోన్లలో కూడా ఆ నెట్‌వర్కు పేరు కనబడితే సరదాపడతారని, ఆశాజ్యోతి ఆ పూటకి సెట్టింగు మార్చింది. ఎవరొచ్చినా రానిమ్మని పెట్టెకు చెప్పింది. పిల్లలు ఫొటోలు తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. ఇంతలో రేవులో ఏరు దాటించే పంటు బయలుదేరుతోందని కేకేశారు. గబగబా లాప్‌టాప్ మూసి పరిగెత్తింది. తెరిచిన తలుపు మళ్ళీ వేయలేదు.

మామూలు రోజుల్లో దానివల్ల ఏమీ కాలేదు. అవతలి గట్టున కంపెనీ టవరుంది, ఊళ్ళో ఫోన్లన్నీ దాన్నే పట్టుకుని ఉండేవి.

శ్రావణంలో ఏరు పోటెత్తింది. ఎర్రనీళ్ళు లంక అంచును తాకుతుంటే కరెంటు తీసేశారు. అవతలి టవరు కాసేపు జనరేటరు మీద నడిచి ఆగిపోయింది. అయినా స్కూలు డాబా మీది పెట్టె పనిచేస్తూనే ఉంది. అబ్బులు, హెడ్‌మిస్ట్రెస్ ఆ ఫోన్లలో మాట్లాడుకుంటూ ఏ వీధిలో ముసలివాళ్ళున్నారో, ఏ ఇంటికి పడవ ముందు వెళ్ళాలో చూసుకుని ఊరు ఊరంతటినీ తుఫాను షెల్టరుకు చేర్చారు. ఒక్క ప్రాణం పోలేదు. పేపర్లలో వేశారు. 'లంకను కాపాడిన మన ఊరి సాఫ్ట్‌వేర్' అని ఆశాజ్యోతి ఫొటో పడింది. చర్చిలో పాస్టరుగారు పేరుపెట్టి ప్రార్థన చేశారు. సాల్మన్ ఆ పేపరు స్టాఫ్‌రూములో అందరికీ చూపించాడు.

వరద తీశాక పెట్టె ఎలా ఉందో చూడటానికి ఆమె లంకకు వెళ్ళింది. ఊరంతా బురద వాసన. దారిలో సుబ్బాయమ్మ అనే ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి పిలిచింది. పాలమ్ముకుని బతికే మనిషి, భర్త పోయి చాలాకాలమైంది.

"కాఫీ తాగి వెళ్ళు ఆశమ్మా. ఊరికింత మేలు చేసినదానివి, గుమ్మంలోంచి పోతావా?"

కాఫీ ఇస్తూ సుబ్బాయమ్మ, "ఏమనుకోకమ్మా, పేకెట్టు పాలు. నా గేదెలు మూడూ పోయాయి" అంది.

"అయ్యో, ఎలా పోయాయండి?"

"పల్లంలో పశువుల మకాం దగ్గర కట్టేసి ఉన్నాయి. మా తమ్ముడు గణేష్‌బాబు ధవళేశ్వరంలో ఇరిగేషనాఫీసులో చేస్తాడు. ఏటేటా వాడే చెబుతాడు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేలోపే ఫోన్ చేస్తానక్కా, అప్పుడు గేదెల్ని గట్టెక్కించు అంటాడు. ఎప్పుడూ తప్పలేదు. ఈసారి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. చీకట్లో అబ్బులొచ్చి పడవలో షెల్టరుకు తీసుకుపోయాడు, తెల్లారి చూస్తే మకామే లేదు."

"లైను దొరికుండదేమోనండి."

"ఎందుకు దొరకదమ్మా? మీ డబ్బా పుణ్యమాని సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. వాడేమో ఇరవైసార్లు చేశానంటాడు. అబద్ధం. చేస్తే రాదా? వాళ్ళావిడతో సినిమాకో షికారుకో పోయి మర్చిపోయుంటాడు. ఆ మాటే మొహం మీద అనేశాను. ఇంక వాడికీ నాకూ మాటల్లేవు."

ఆశాజ్యోతి గ్లాసు పక్కన పెట్టింది. "మీ ఫోను ఒకసారి ఇస్తారా?" అంది.

అవతలి టవరు ఇంకా బాగుచేయలేదు. సుబ్బాయమ్మ ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి. వాటి పక్కన కంపెనీ పేరు లేదు. ఆశాజ్యోతి తన చేత్తో పెట్టుకున్న ప్రయోగం పేరుంది.

ఆమెకంతా అర్థమైంది. టవరు ఆగిపోగానే ఊళ్ళో ప్రతి ఫోనూ దిక్కులేక తన పెట్టెను పట్టుకుంది. తను ఎవరినైనా రానిమ్మంది కాబట్టి పెట్టె అందరినీ లోపలికి తీసుకుంది. లోపల్నుంచి బయటికి దారి మాత్రం లేదు. బయటికి చేసి కలవనివాళ్ళు అవతలివాళ్ళ లైన్లే పోయాయనుకుని ఉంటారు. ఏటిగట్టు మీద నిలబడితే దూరాన ఇంకో ఊరి టవరు సన్నగా అందేదే. నిండుగా సిగ్నల్ ఉందనుకున్న ఫోను దాన్ని వెతకడం మానేసింది. గణేష్‌బాబు ఎన్నిసార్లు చేసినా ఈ ఫోను మోగదు.

చెప్పాల్సింది అప్పుడే. ఎదురుగా ఆ మనిషి కళ్ళలో అంత ఆదరణ చూస్తూ చెప్పలేకపోయింది. కాఫీ మొత్తం తాగి, "వస్తానండి" అని లేచింది.

డాబా ఎక్కి సెట్టింగు మార్చింది. కిందికి దిగేసరికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్లు ఊపుతూ ఎదురొచ్చారు. "సిగ్నల్ పోయిందండి మేడంగారు."

"గట్టు మీదికెళ్ళి చూడండి, వస్తుంది" అంది వాళ్ళ మొహాలు చూడకుండా. గట్టెక్కినవాళ్ళకి ఫోన్లు కలిశాయి. దానికీ ఆమెనే మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. సాల్మన్ అంతా విన్నాడు. తర్వాత, "ఒక గేదెను కొనిపెడదామా?" అన్నాడు.

"ఎందుకిచ్చామని చెబుతాం? పేపర్లో పడ్డాం కదా, దానం చేస్తున్నామనా?"

ఆయన ఆ పేపరు మడిచి బీరువాలో పెట్టేశాడు.

ఆ తర్వాత రోజుల్లో ఆమె పనిలో కూర్చుంటే పని సాగేది కాదు. ఎవరో పంపిన మార్పులో చిన్న లోపం కనబడేది. ఎప్పటిలా గట్టిగా రాయబోయి, వేళ్ళు వెనక్కి తీసుకునేది. నేనెవరిని అడగడానికి అనిపించేది.

కాలేజీవాళ్ళు రాజమండ్రిలో సన్మానం పెట్టారు. వద్దని రెండుసార్లు చెప్పింది. వినయం అనుకున్నారు. శాలువా కప్పారు, మాట్లాడమన్నారు. "ఇది చాలామంది కలిసి చేసిన పనండి" అని మాత్రం అని కూర్చుంది. మెచ్చుకోళ్ళన్నీ తను తీసుకుని, తప్పును మాత్రం చాలామందికి పంచినట్టయిందని తనకే అనిపించి ఒళ్ళు చచ్చిపోయింది.

మెట్లు దిగుతుంటే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన పక్కకొచ్చి నిలబడ్డాడు.

"నమస్కారమండి. నా పేరు గణేష్‌బాబండి. చింతావారిలంక సుబ్బాయమ్మ మా అక్కండి."

ఆమె మెట్టు మీదే ఆగింది.

"మిమ్మల్ని ఒకటి అడుగుదామని వచ్చానండి. ఆ రోజు నేను మా అక్కకి ఫోన్ చేశానండి. డ్యూటీలో ఉండి కూడా చేస్తూనే ఉన్నాను. కలవలేదు. అక్క నమ్మట్లేదండి. నా ఫోనులో చేసిన కాల్స్ చూపించినా ఇవన్నీ నువ్వే పెట్టుకున్నావంది. మీ మిషన్లో ఏమైనా కనబడుతుందాండి, నేను చేసినట్టు? మీరు చెబితే నమ్ముతుందండి. మీరంటే అక్కకి దేవుడితో సమానం."

"లేదండి," అంది ఆశాజ్యోతి. "బయట్నుంచి చేసిన కాల్స్ అందులో కనబడవు."

అక్షరాలా నిజం. బయటి ఫోను అసలు ఆ పెట్టెదాకా రాదు. అంత నిజాన్ని అడ్డం పెట్టుకుని అంత పెద్ద అబద్ధం ఆడినందుకు ఆమెకు తన నాలుక తనది కాదనిపించింది.

"పర్లేదండి, శ్రమిచ్చాను," అని ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దణ్ణం బస్సులో నరసాపురం దాకా ఆమె వెంటే వచ్చింది.

మర్నాడు ఆమె సాఫ్ట్‌వేరులో ఒక మార్పు చేసింది. ఇకనుంచి ఎవరొచ్చినా రానిమ్మని పెడితే అది కొద్దిసేపే ఉంటుంది, ఆ తర్వాత పెట్టె తనంతట తనే తలుపు మూసుకుంటుంది. చిన్న మార్పే. కానీ ఎందుకు చేస్తున్నామో పైన రాయాలి. 'జాగ్రత్త కోసం' అని రాసింది. జర్మనీలో ఉండే సహచరుడు చూసి, ఇన్నేళ్ళుగా లేని జాగ్రత్త ఇప్పుడెందుకొచ్చిందని అడిగాడు. ఆమె ఆ మాట చెరిపేసి జరిగినదంతా రాసింది. లంక, వరద, గేదెలు, తమ్ముడు, తను నోరెత్తకపోవడం, అన్నీ. పదిమందీ చదివే చోట పెట్టింది.

సాయంత్రానికి జవాబులొచ్చాయి. ఎంత నిజాయితీ అన్నారు. ఇలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలన్నారు. ఒక్కొక్కటీ చదువుతుంటే మొహం మంటెత్తిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు ఇంగ్లీషులో ఒప్పుకోవడానికి ధైర్యం దేనికి? ఒప్పుకోవాల్సిన మనిషి ఏరు దాటితే ఉంది.

ఆదివారం ప్రార్థనకు కూడా ఆగకుండా పొద్దున్నే పంటెక్కింది.

సుబ్బాయమ్మ వాకిట్లో కూర్చుని బురదపట్టిన గిన్నెలు తోముతోంది. "రామ్మా, కూర్చో" అంది. ఆశాజ్యోతి కూర్చోలేదు.

"సుబ్బాయమ్మగారూ, మీ తమ్ముడు ఫోన్ చేశారండి. నిజంగానే చేశారు. మీకు రాకుండా చేసింది నా పెట్టె. ఎండాకాలంలో నేనొక తలుపు తీసి వేయడం మర్చిపోయాను. మీ ఫోను అందులోకి వచ్చి చిక్కుకుపోయింది. మీరు చూసిన గీతలు నావి. వాటికి బయటి దారి లేదండి."

సుబ్బాయమ్మ గిన్నె కింద పెట్టింది. అర్థం కాక మళ్ళీ చెప్పమంది. ఆశాజ్యోతి మళ్ళీ చెప్పింది, ఇంకా చిన్న మాటల్లో.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజేనండి. మీ ఫోను చేతిలోకి తీసుకోగానే."

"మరి చెప్పలేదేంటి?"

"సిగ్గేసిందండి."

సుబ్బాయమ్మ చీరచెంగుతో చేతులు తుడుచుకుంది. అరవలేదు. అరిస్తే బాగుండుననుకుంది ఆశాజ్యోతి.

"గేదెలంటే ఏరు పట్టుకుపోయిందనుకుందును," అంది సుబ్బాయమ్మ. "నువ్వు కావాలని చేసింది కాదు. కానీ ఇన్నాళ్ళూ నా తోడబుట్టినవాణ్ణి దొంగమాటలోడని ఊరంతా చెప్పుకున్నాను. అది నీకు తెలుసు. తెలిసి ఊరుకున్నావు."

"అవునండి."

అవతలి టవరు అప్పటికి బాగుచేశారు. ఆవిడ ఫోను తీసి, నంబరు నొక్కి, ఆశాజ్యోతి చేతిలో పెట్టింది. "నాక్కాదు. వాడికి చెప్పు."

గణేష్‌బాబుకు చెప్పింది. రాజమండ్రిలో అడిగినప్పుడు తప్పించుకున్నాననీ చెప్పింది. "నేనదే అన్నానండి, చేశానని" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తర్వాత, "అక్కకివ్వండి" అన్నాడు.

ఆ అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో వినకుండా ఆమె వాకిలి దాటి నిలబడింది.

పై ఆదివారం గణేష్‌బాబు భార్యను తీసుకుని లంకకు వచ్చాడని అబ్బులు చెప్పాడు. పెట్టె ఉంచాలా తీసెయ్యాలా అని ఊళ్ళో పంచాయతీ అయింది. ఆశాజ్యోతి అందరి ముందూ జరిగింది చెప్పి, తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్తానంది. వరదలో పడవ మీద దానితో జరిగిన మేలు తనకు తెలుసని అబ్బులు వాదించాడు. ఉంచమన్నారు. సుబ్బాయమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. గేదె విషయం సాల్మనే వెళ్ళి అడిగాడు. "మా తమ్ముడు తోలుకొస్తున్నాడు మాస్టారూ" అని చెప్పి పంపేసింది.

నెలకోసారి ఆశాజ్యోతి లంకకు వెళుతూనే ఉంది. సుబ్బాయమ్మ ఎదురుపడితే పక్కకు తప్పుకోదు, పలకరిస్తుంది. కానీ ఆశమ్మా అనడం మానేసింది. "బాగున్నారా మేడంగారూ" అంటుంది. ఆశాజ్యోతి "బాగున్నానండి" అని, తల వంచుకుని, స్కూలు వైపు నడుస్తుంది.