సగం షట్టరు దించిన విమానం

విమానానికి కావాలనే ఆలస్యంగా వెళ్లిన మేధావిని హైదరాబాదులోని ఈ తార్నాకలో నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు, జరిగిందే చెబుతున్నాను. పోతూ పోతూ ఇంకో అమాయకుణ్ణి కూడా వెంటబెట్టుకుపోయి నిలువునా ముంచాను. చదివి నవ్వుకోండి. నవ్వడం అయ్యాక మీ టికెట్టు ఒకసారి బయటికి తీసి చివరిదాకా చదవండి.

మాది స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున వచ్చిన గిరాకీకి మా నాయన రూపాయి దిగడు. రాత్రి షట్టరు సగం దించాక నడుము వంచి లోపలికి దూరిన మనిషికి మాత్రం, "సర్లే, తీస్కపో" అని కుక్కరు మీద ఒక గరిటె కూడా పడేస్తాడు. ఆఖర్న వచ్చినవాడిదే అదృష్టమని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నమ్మకం. గిన్నెల దగ్గర పనిచేసిన సూత్రం విమానం దగ్గర ఎందుకు పనిచెయ్యదని నా ధీమా.

అప్పట్లో నేనూ ఓబులేసూ యూనివర్సిటీలో ఒకే ల్యాబులో పరిశోధన చేస్తున్నాం. అతనిది కడప వైపు. పుణెలో ఒక కంపెనీ ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలిచింది. నాకు రాకపోతే దుకాణం ఉంది. ఓబులేసుకి ఫెలోషిప్ అయిపోయింది, నెలాఖరుకి హాస్టల్ గది ఖాళీ చెయ్యాలి. ఉద్యోగం వస్తే పుణె, రాకపోతే మూటాముల్లె. ఇద్దరికీ అదే మొదటి విమానం.

"ఫోన్లోనే చెకిన్ చేసుకోమంటాండారు. చేద్దామాప్పా?" అన్నాడు ఓబులేసు.

"సీటుకు పైసలడుగుతున్నది, కనవడ్తలేదా? ఆఖర్ల పోదాం. మిగిలిన ముందు సీట్లు ఊకెనే ఇస్తరు. ఖాళీగ ఎగిరేస్కపోతరా ఏంది?"

"రెండు గంటలు ముందే రమ్మని ఉండాదే!"

"పెండ్లి పత్రికల ముహూర్తం గట్లనే రాస్తరు. విమానం పొద్దుగాల పదిన్నరకు. పదింటికి పోతే సాలు."

తార్నాకలో ఎయిర్‌పోర్టు బస్సు మా ముందే ఆగింది. "తొందరేంది భై" అని దాన్ని వదిలేసి ఓబులేసుకి చాయ్ తాగించాను. అప్పగింతలప్పుడు తండ్రి కూతుర్ని చూసినట్టు చూశాడు, పోతున్న ఆ బస్సుని.

మేం కౌంటరు చేరేసరికి అక్కడ మనుషులే లేరు. "చూసినవా, లైనే లేదు!" అని ఓబులేసు భుజం తట్టాను.

కౌంటరులోని అమ్మాయి టికెట్టు చూసి, "మీ విమానానికి చెకిన్ ముగిసింది సార్" అంది.

"ఇంకా అర్ధగంటకు పైన్నే ఉన్నది కద మేడం! గంత సేపట్ల మా నాయన పెండ్లికి సరిపోను గిన్నెలమ్ముతడు."

"పదిన్నర విమానం కదిలే టైము సార్. దానికి గంట ముందే కౌంటరు మూసేస్తాం. ఎక్కే గేటు కూడా కదలకముందే మూసేస్తారు. టికెట్టు మీదే ఉంది."

నేను మెల్లగా మోచెయ్యి ఆనించాను. "మీ మాటొద్దు, నా మాటొద్దు. బ్యాగులు ఈడనే వదిలేస్తం, మనుషులను ఎక్కించుండ్రి."

"కుదరదు సార్."

"పోనీ, ఒక్కరిని?"

"సార్, ఇది విమానం."

ఇక మిగిలింది బ్రహ్మాస్త్రం. దుకాణంలో ధర తెగకపోతే ఏం చేస్తాం? లేచి నడుస్తాం. నాలుగడుగులు వేసేలోపు వెనక నుంచి పిలుపు రావాలి. ఓబులేసు చెయ్యి పట్టుకుని మహా ఠీవిగా వెనుదిరిగాను.

"యాడికిప్పా?"

"మాట్లాడకు, నడువు. పిలుస్తది."

నత్త కూడా ఆవులించేంత నెమ్మదిగా నడిచాం.

"సార్!" అని పిలిచింది.

"చూసినవా!" అని గెలిచిన పహిల్వానులా తిరిగాను.

"మీ బ్యాగు ఇక్కడే వదిలేశారు."

ఓబులేసు అక్కడే నేలమీద కూలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. "మాయమ్మకు ఏం చెప్పాల?" అన్నాడంతే. నా తెలివంతా చెప్పుల్లోకి దిగిపోయింది.

సరుకు తెమ్మని నాయన నా ఖాతాలో వేసిన డబ్బు ఉంది. దాంతో తర్వాతి విమానానికి రెండు టికెట్లు కొన్నాను, వాళ్లు చెప్పిన ధరకే, నోరెత్తకుండా. పుణె ఆఫీసుకి ఫోన్ చేసి ఆ మధ్యాహ్నం ఇంటర్వ్యూలో మా పేర్లు చివర్లో పెట్టమని బతిమాలాను. "ఇంటర్వ్యూ వాళ్లు లేచి వెళ్లేలోపు రండి" అన్నాడు అక్కడి పెద్దమనిషి. ఆ తర్వాత గేటు ముందు ఎలా కూర్చున్నామంటే, ఊడ్చేవాళ్లు మమ్మల్ని లేపి మరీ ఊడ్చుకున్నారు. పుణెలో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఫైళ్లు సర్దుకుంటుంటే లోపలికి దూరాం.

ఓబులేసుకి ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. వాళ్లడిగిన సబ్జెక్టు నాకు అంత గట్టిగా రాదు, విమానాన్ని తప్పు పట్టడానికి లేదు. మరుసటేడు నాచారంలో వేరే కొలువు దొరికింది లెండి.

సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: రెక్కలున్న ఏ వస్తువుతోనూ, కోడితో తప్ప, ఈ జన్మలో బేరమాడను.

ఇక బిల్లు. నాయన సరుకు డబ్బు పూడ్చడానికి నా స్కూటరు అమ్మాను. ఓబులేసు మొదటి జీతంలోంచి తన టికెట్టు డబ్బు పంపాడు. తప్పంతా నాది కాబట్టి మర్యాదగా తిప్పి పంపెయ్యాలి. పంపలేదు. కాబట్టి నికర నష్టం సగం స్కూటరు.