పాప వచ్చిన మధ్యాహ్నం

కొన్నేళ్ల క్రితం బెజవాడ పటమటలో ఒక డాక్టరుగారి దగ్గర పనిచేశాను. చిన్నతనంలో హింస పడ్డవాళ్ల మనసు పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఆవిడ పరిశోధన చేసేవారు. వచ్చినవాళ్లను ప్రశ్నలడిగి జవాబులు రాసుకోవడం నా పని.

అలా వచ్చినవారిలో ఒక టీచరుగారు ఉండేవారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. దివిసీమ నుంచి బస్సులో వచ్చేవారు. అప్పుడప్పుడు కొన్ని గంటలు తనకు గుర్తుండవనీ, బీరువాలో తాను కొనని రంగు పెన్సిళ్లు కనిపిస్తాయనీ మొదటిరోజే చెప్పారు. ఊళ్లో కొందరు దెయ్యమన్నారట. చర్చి పాస్టరుగారు మాత్రం ప్రార్థన చేసి, "డాక్టరుకి కూడా చూపించుకోమ్మా" అన్నారట.

మూడోసారి వచ్చినప్పుడు వాన పట్టింది. కిటికీలోంచి వచ్చే వెలుగు చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా ఉంది. "చిన్నప్పుడు ఇంట్లో ఎవరంటే భయముండేదండీ?" అని కాగితం చూసి అడిగాను. తలెత్తి చూస్తే ఆమె చెప్పులు విడిచి, కాళ్లు కుర్చీలోకి ముడుచుకుని కూర్చున్నారు. ముఖం అదే, చూపు మాత్రం వేరు.

"అక్కా, తలుపు తీసే ఉంటదా?" గొంతు సన్నగా ఉంది.

"తీసే ఉంటుంది. నువ్వెవరమ్మా?"

"పాపని. బాబాయి కొట్టి వడ్ల కొట్లో పెట్టి గొళ్లెం వేసేవాడు. అప్పుడు టీచరమ్మ నిద్రపోయేది. నేనుండేదాన్ని."

లేచి తలుపు బార్లా తెరిచి డాక్టరుగారిని పిలిచాను. ఆవిడ తొందరపడకుండా ఎదురుగా కూర్చున్నారు. "ఇది బెజవాడ తల్లీ. ఇక్కడ నిన్నెవరూ కొట్టరు" అన్నారు. పాప చాలాసేపు వాన చూసింది. ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియలేదు.

"మళ్లీ టైము పోయిందాండీ?" అన్నారు టీచరుగారు, కాళ్లు దించుకుంటూ.

డాక్టరుగారు జరిగింది మెల్లగా చెప్పారు. "దెయ్యమూ కాదు, నటనా కాదు. పారిపోవడానికి దారిలేని పసిపిల్ల, ఆ బాధని మోయడానికి తనలోనే ఇంకో పిల్లని చేసుకుంది. అందరికీ ఇలాగే జరుగుతుందని మేమింకా చెప్పలేం. మీ విషయంలో నాకు అలాగే అనిపిస్తోంది."

టీచరుగారు చీరకొంగు వేలికి చుట్టుకున్నారు. "నా బదులు అది చీకట్లో కూర్చుందా?" అన్నారు. అప్పుడు ఏడ్చారు.

తర్వాత రెండేళ్లు వైద్యానికి వచ్చారు. ఒక నోటుబుక్కులో ఆమే, పాపా ఒకరికొకరు రాసుకునేవారు. పాప అక్షరాలు పెద్దవి, గీత దాటి పోయేవి. జ్ఞాపకం లేని గంటలు తగ్గుతూ వచ్చాయి. బాబాయి సంగతి వాళ్లమ్మతో కూడా మాట్లాడారు. "నాకు తెలుసే" అని ఆ తల్లి తలొంచుకుందట.

మొన్నామధ్య బెంజ్ సర్కిల్ దగ్గర కనిపించారు. పాప బాగుందా అని అడిగాను. "ఈమధ్య సరిగా రావట్లేదండీ" అన్నారు. బస్సు వచ్చే వైపు చూస్తూ, "రాకపోతే బెంగగా ఉంటోంది" అన్నారు. ఈలోగా బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చున్నారు.