గ్రేసీ చేసిన చిన్న చక్రాల బండి

గ్రేసీ నాచారంలో మోటార్లు చుట్టే షాపులో పనిచేస్తుంది. కాలిపోయిన నీళ్ల మోటారు విప్పి, మాడిన రాగి తీగ లాగేసి, కొత్త తీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేయడం ఆమె పని. పెళ్లికి ముందు జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చి అందులో చేరింది. షాపు, ఇల్లు, ఆదివారం చర్చి, ఇంతే ఆమె లోకం.

ఆమె భర్త జీవన్ కుమార్ ఉప్పల్ చుట్టుపక్కల ఇళ్లకు బండి మీద సామాన్లు చేరవేసేవాడు. ఒక వానాకాలం సాయంత్రం తమ్ముడు హెన్రీని వెనక కూర్చోబెట్టుకుని బోడుప్పల్ నుంచి తిరిగొస్తున్నాడు. ఉప్పల్ దగ్గర నీళ్లు నిలిచిన చోట బండి జారింది. వెనక వస్తున్న లారీ ఆగలేకపోయింది. జీవన్‌కు ఎడమ కాలు మోకాలి కింద పోయింది. హెన్రీ అక్కడికక్కడే చనిపోయాడు.

హెన్రీని మట్టిచేసిన రోజు జీవన్ ఆసుపత్రి మంచం మీద స్పృహ లేకుండా ఉన్నాడు. మూడో రోజు కళ్లు తెరిచేసరికి తల్లి విక్టోరియా కాళ్ల దగ్గర నిలబడి ఉంది. కొడుకును చూసింది, కట్లు కట్టిన కాలును చూసింది, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయింది. మల్కాజిగిరి స్టేషన్ వెనక, హెన్రీతో కలిసి ఉన్న గదిలోనే ఒంటరిగా ఉండిపోయింది. మళ్లీ రాలేదు.

జీవన్‌కు కృత్రిమ కాలు అమర్చారు. గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాడు, తర్వాత గోడ వదిలేశాడు. కానీ సందు చివర దాటి పోయేవాడు కాదు. చర్చికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు. బయట ఏదైనా బండి బ్రేకు గట్టిగా వేసిన శబ్దం వస్తే తింటున్న ముద్ద చేతిలోనే ఆగిపోయేది. కాలు పోయిందన్న సిగ్గే మనిషిని ఇలా చేసిందని గ్రేసీ అనుకుంది.

షాపు పక్కన షెడ్డులో రాజయ్య అనే వెల్డరు ఉన్నాడు. ఒకరోజు అతని దగ్గరికి వెళ్లి అడిగింది.

"రాజన్నా, మోటార్ పెట్టిన సైకిల్ ఒకటి చెయ్యాలె. చక్రాలు చిన్నగుండాలె, మధ్యల కడ్డీ ఉండొద్దు. కూసుంటే రెండు పాదాలు నేలకు నిండ ఆనాలె."

"జీవన్‌కా?"

"ఇంకెవరికన్నా!"

రాజయ్య చేతిలో పని ఆపి, "చిన్న చక్రమంటే గుంతల దిగవడ్తది చెల్లె. మన రోడ్లు నీకు ఎర్కనే," అన్నాడు. "అయినా సూద్దాం తియ్."

పాత సామాన్ల కొట్టులో పిల్లల సైకిల్ చక్రాలు రెండు దొరికాయి. ఎవరో బాగుచేయడానికి ఇచ్చి వదిలేసిన కరెంటు సైకిల్ మోటారు ఒకటి షాపులో మూలన పడి ఉంటే, యజమానిని అడిగి తెచ్చుకుంది. చక్రం మధ్యలో బిగించే రకం అది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మిగిలిన కాసేపట్లో దాని తీగ చుట్టింది. రాజయ్య ఇనుప గొట్టాలు వంచి, నేలకు దగ్గరగా చట్రం కట్టాడు. బ్యాటరీ సీటు కింద పెట్టారు.

మొదటిసారి గ్రేసీయే ఎక్కింది. పది గజాలు పోకముందే హ్యాండిల్ గిలగిలా కొట్టుకుని పక్కకు పడేసింది. మోచెయ్యి గీరుకుపోయింది. బండి మరీ పొట్టిగా ఉండటమే కారణమని రాజయ్య చట్రం కోసి పొడుగు చేశాడు. ముందు చక్రం కాస్త బయటికి వచ్చేలా వంపు మార్చాడు. టైర్లు లావువి వేశారు. ఈసారి నిలబడింది. అన్నీ అయ్యాక గ్రేసీ, "ఎనక గూడ సీటు పెట్టన్నా," అంది. ఆదివారాలు భర్త వెనక కూర్చుని చర్చికి పోవాలని ఆమె ఆశ.

బండి ఇంటికి తెచ్చిన రోజు జీవన్ గడప దిగి వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. బ్రేకు ఒకసారి నొక్కి, చెయ్యి తీసేశాడు.

"మంచిగ చేసినవ్," అని లోపలికి వెళ్లిపోయాడు.

వారాలు గడిచాయి. అతను దాన్ని ముట్టలేదు. గ్రేసీ దాని మీదే పనికి పోయి రావడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఇక ఓర్చుకోలేకపోయింది.

"నీ కాలు కోసమే గింత చిన్నగ చేసిన గదయ్యా. పడవు, ఒరగవు. ఇంక దేనికి భయం?"

"కాలు గురించి గాదు గ్రేసీ."

"మరి దేని గురించి?"

జీవన్ బండి వెనక సీటు మీద చెయ్యి పెట్టాడు. "ఎనక సీటు తీసెయ్. అప్పుడు ఎక్కుత," అన్నాడు.

ఎందుకని గ్రేసీ అడిగింది.

"వాడు నా భుజం మీద చెయ్యేసి కూసున్నడు. బండి జారంగనే ఆ చెయ్యి వదిలింది. గది ఇప్పటికీ నాకు తెలుస్తనే ఉంటది. నా ఎనక ఇంకెవ్వరు కూసోవద్దు. నువ్వైతే అసలే వద్దు."

ఇన్నాళ్లూ ఒకే గదిలో ఉండి కూడా తను చూసింది కాలునే అని గ్రేసీకి అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్లి పానా తెచ్చి, గుమ్మం ముందు కూర్చుని నట్లు ఒక్కొక్కటే విప్పింది. జీవన్ సీటు పట్టుకున్నాడు. మర్నాడు రాజయ్య ఆ చోట ఇనుప బుట్ట అతికించాడు.

జీవన్ మొదట సందులో తిప్పాడు. రెండు పాదాలూ నేలకు రాసుకుంటూ, ఆగి ఆగి పోయేవాడు. తర్వాత పెద్ద రోడ్డు దాకా, ఆ తర్వాత ఇంకాస్త దూరం. ఒక శనివారం పొద్దున చొక్కా వేసుకుంటూ, "అమ్మ దగ్గరికి పోతున్న," అన్నాడు. నేనూ ఆటోలో వస్తానంది గ్రేసీ. వద్దన్నాడు.

విక్టోరియా గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బండి చూసింది, తర్వాత మనిషిని చూసింది.

"గిదేంది?"

"గ్రేసీ చేసిందమ్మా."

ఆమె కూర్చోమనలేదు. అతను నిలబడే ఉన్నాడు.

"అమ్మా, నేను తమ్ముని సమాధి సూడలే. ఏడుందో గూడ ఎర్క లేదు. సూపియ్యవా?"

విక్టోరియా చేతిలోని పళ్లెం కింద పెట్టింది. వేళ్లకంటిన చింతపండు తుడుచుకుంది.

"నీ మీద కోపంతోని రాలేదనుకున్నవా?"

జీవన్ అవునన్నట్టు తల ఊపాడు.

"దవాఖానల నువ్వు కండ్లు తెరిస్తే నాకు పానం లేచొచ్చింది బిడ్డా. చిన్నోన్ని మట్టిల పెట్టి రెండు దినాలు గాలే, నాకు సంతోషమైంది. గట్లెట్లైందని నా మీద నాకే అసహ్యమేసింది. నిన్ను సూస్తే మల్ల గదే యాదికొస్తదని రాలే."

జీవన్ తలుపు చెక్క పట్టుకున్నాడు. ఏడుపు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. విక్టోరియా లేచి కొంగుతో అతని ముఖం తుడిచింది. ఆసుపత్రి తర్వాత ఆమె అతన్ని తాకడం అదే మొదలు.

సమాధుల తోటకు ఇద్దరూ కలిసి బయల్దేరారు. అంత దూరం అతను నడవలేడు. ఆమెను ఎక్కించుకోలేడు. విక్టోరియా ఏమీ అడగకుండా హ్యాండిల్ మీద ఒక చెయ్యి వేసి పక్కన నడిచింది. జీవన్ ఆమె అడుగుకు తగ్గట్టు బండి నడిపాడు. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. ఎవరో తిట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయారు. వాళ్లిద్దరూ రోడ్డు అంచున మెల్లగానే వెళ్లారు.

సిమెంటు పలక మీద హెన్రీ పేరు ఉంది. చుట్టూ గడ్డి పెరిగింది. జీవన్ మోకాళ్ల మీద కూర్చోలేకపోతే తల్లి భుజం పట్టి కిందికి దించింది. గడ్డి పీకుతూ అతను అడిగాడు.

"చర్చిల వాడు కొట్టే డోలక్ ఇప్పుడు ఎవరు కొడ్తున్నరమ్మా?"

"ఎవ్వరు లేరు. తాళాలతోనే పాడుతున్నరు."

ఇది జరిగి ఏడాది దాటింది. జీవన్ ఇప్పుడు గ్రేసీ షాపులో బాగుచేసిన ఫ్యాన్లు, చిన్న మోటార్లు బుట్టలో పెట్టుకుని ఇళ్లకు ఇచ్చి వస్తాడు. ఉప్పల్‌లో అప్పుడు బండి జారిన చోటికి రాగానే దిగి, బండి నడిపించుకుంటూ దాటి, అవతల మళ్లీ ఎక్కుతాడు. చర్చికి గ్రేసీ ఆటోలో వెళుతుంది. అతను ముందే చేరి గేటు దగ్గర ఆమె కోసం నిలబడతాడు. శనివారాలు విక్టోరియా నాచారం వచ్చి రాత్రికి ఉండిపోతుంది. నిద్రలో కొడుకు ఉలిక్కిపడితే ఆమెకే ముందు మెలకువ వస్తుంది.

ఈ మధ్య జవహర్‌నగర్ నుంచి మల్లవ్వ అనే ఆవిడ గ్రేసీని వెతుక్కుంటూ వచ్చింది. చెత్త ఏరే పనిలో జారిపడి తుంటి విరిగిందట, తనకూ అలాంటి బండి కావాలంది. రాజయ్య చట్రం కట్టాడు. మోటారు ఇంకా చుట్టాలి. మల్లవ్వ మాత్రం రోజూ ఫోన్ చేసి, ఎప్పుడైతది బిడ్డా అని అడుగుతోంది.