సంభావ్యత పుస్తకానికి రెండో పరీక్ష

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను సంగారెడ్డిలోని ఒక చిన్న ప్రచురణ సంస్థలో సహ సంపాదకురాలిని. సామాన్య పాఠకుల కోసం ఒక్కో శాస్త్రానికి ఒక్కో పరిచయ పుస్తకం వేయడం మా పని. ఏ శాస్త్రమైనా మూడు ఫారాల్లో ఇమడాలి. ఫారం అంటే పదహారు పేజీలు. అచ్చుకు ముందు రాతప్రతిని ఆ విషయం తెలియనివాళ్లకు చదివి వినిపించేవాళ్లం. రచయిత అక్కడ కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు. విప్పితే ఆ పఠనం చెల్లదు, తప్పినట్టే లెక్క. రెండుసార్లు తప్పితే పుస్తకం వెనక్కే.

లెక్చరర్‌గా రిటైరైన విశ్వనాథం గారు సంభావ్యత మీద, అంటే ఒకటి జరిగే అవకాశాన్ని లెక్కగట్టే గణితం మీద రాశారు. ఆయన జీవితంలో రాసిన ఒకే ఒక్క పుస్తకం అది. మొదటి పఠనంలో శ్రోతలు హాయిగా కునికిపాట్లు పడ్డారు. రెండోది పటాన్‌చెరులో, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో పెట్టాం. ఇస్త్రీ చొక్కాలో, మూతి బిగించుకుని మూల కూర్చున్న ఆయన్ని చూస్తే నాకే జాలేసింది.

చదవడం మొదలుపెట్టాను. నాణేలు, పాచికలు, సంచిలో ఎర్ర బంతులు. మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసే మరియమ్మ చెయ్యెత్తింది.

"గీ బంతులు మాకెందుకు మేడం? మా కాజీపల్లి షిఫ్ట్ బస్సు టైముకొస్తదా రాదా, గది జెప్తదా మీ పుస్తకం?"

"ఎందుకు చెప్పదమ్మా!" అంటూ విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. కొంప మునిగింది అనుకున్నాను.

నియమం నియమమే. పఠనం చెల్లదని చెప్పి ఫైలు మూశాను. ఆయన మొహం పాలిపోయింది.

"గదేంది మేడం? సార్‌ను జెర జెప్పనియ్యుండ్రి!" అని మరియమ్మ నా మీదికొచ్చింది. పఠనం ముగిసింది కాబట్టి ఇక ఎవరైనా మాట్లాడుకోవచ్చన్నాను. అని, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాను.

ఇక చూడాలి ఆయన్ని! వాన రోజుల్లో బస్సు ఎన్నిసార్లు ఆలస్యమైందో, ఎండ రోజుల్లో ఎన్నిసార్లో జనంతోనే చెప్పించారు. డ్రైవర్ మారితే లెక్క మారుతుందా లేదా అని వాళ్లలో వాళ్లే కొట్లాడుకున్నారు. "గట్లయితే వానపడ్డనాడు మా ఆయన బండే నయం" అని మరియమ్మ తేల్చేసింది. హాలంతా ఒకటే నవ్వులు. ప్రార్థన తర్వాతి భోజనానికి వండిన బగారన్నం చల్లారిపోతున్నా ఎవరూ లేవలేదు. నాకు ఎంత సంతోషమేసిందో!

జరిగింది జరిగినట్టు రాసి, రికార్డింగ్‌తో సహా మా ప్రధాన సంపాదకుడికి పంపాను. ఆయన విని, విశ్వనాథం గారు ఆ మాటల్నే పుస్తకంగా రాసుకొస్తే ఈ ఒక్కసారికి నియమం సడలించి ఇంకో పఠనం పెడదామన్నారు. ఈసారి మొదటి పేజీలోనే కాజీపల్లి బస్సు. విశ్వనాథం గారు చివరిదాకా మాట్లాడలేదు, మాట్లాడే అవసరమూ రాలేదు. పుస్తకం అచ్చయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పండితుణ్ణీ నేను ముందు రాయమనలేదు. తెలియనివాళ్ల ముందు కూర్చోబెట్టి చెప్పమన్నాను. ఎదురుగా అడిగేవాళ్లు లేకుండా రాసిన పుస్తకం ఎంత చిన్నదైనా, చదివేవాడికి మోయలేనంత పెద్దదే.