హీట్ పంప్‌కు తోడు

గోపన్‌పల్లిలో మా డాబా మీద నీళ్లు కాచే హీట్ పంప్ పెట్టించినప్పుడు, దాన్ని ఇంట్లో మనిషిగా లెక్కేసింది మా అత్తమ్మ ఒక్కతే. రోజూ పొద్దున్నే వెళ్లి దాని వీపు మీద చెయ్యి వేసేది. ఒకప్పుడు తన బర్రెల మీద అట్లాగే వేసేదట. లోపల గుర్రుమంటున్నట్టు చేతికి తెలిశాకే, "ఇగ తానాలు చేయుండ్రి" అని కిందికి కేకేసేది.

మొదటి చలికాలంలో ఒకరోజు నీళ్లు చల్లగా వచ్చాయి. మెకానిక్ పైకి వెళ్లి చూస్తే, మిషన్ చుట్టూ గోనెపట్టా కప్పి తాడుతో కట్టి ఉంది. చలికి బర్రెలకు కప్పినట్టే కప్పింది అత్తమ్మ.

"ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లాక్కుని నీళ్లు కాస్తదమ్మా. కప్పితే గాలాడదు" అన్నాడతను.

"గింత చలిగాలిల గూడ వేడి దొరుకుతదా దీనికి?" అంటూ ఆమె దానివైపు కొత్తగా చూసింది.

అప్పటినుంచి దాని జాలీకి పట్టిన దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులిపేది. దానికి అడ్డంగా బట్టలారేస్తే నన్ను కసిరేది. ఒక పొద్దున పొగమంచులో చూద్దును కదా, అదే గోనెపట్టా తన భుజాలకు కప్పుకుని, మిషన్ పక్కన కూర్చుని చాయ్ తాగుతోంది.

"ఈ చలిలో ఇక్కడేంటత్తమ్మా?" అని కోప్పడ్డాను.

"కప్పొద్దన్నడు గని, తోడు కూసోవద్దనలే గద బిడ్డా."

ఆమె పోయాక ఇది మొదటి చలికాలం. ఆఫీసు కాల్ మొదలయ్యేలోపు చాయ్ పట్టుకుని డాబా ఎక్కుతున్నాను. గోనెపట్టా మెడకు గుచ్చుకుంటుంది గానీ, వెచ్చగా ఉంటుంది.