కుయ్యిమనని కుక్కపిల్ల

నిన్న మనవరాలు ఫోనులో కుక్కపిల్లల ఫొటోలు వరసగా చూపించి, ఏది కావాలో వేలు పెట్టి చెప్పు నాయనమ్మా, రేపటికి ఇంటికొచ్చేస్తుంది అంది. ఈమధ్య నాకు చెవులు మందగించి కాలింగ్‌బెల్లు వినపడటం లేదని ఇంట్లోవాళ్ళు చేసిన ఏర్పాటు. ఒకదాని మీద వేలు పెట్టి, దీని తల్లేదే అని అడిగాను. ఫోనంతా వెతికింది, తల్లి ఫొటో లేదు. వాదించే ఓపిక లేక కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. మా వదిన గుర్తొచ్చింది.

సాగర్ కాలవ పనులు జరుగుతున్న రోజులు. అన్నయ్యకు అక్కడ రాత్రి డ్యూటీ, కాపురం మాచర్ల ఊరి చివర. పెళ్ళైన ఏడాదికే విషజ్వరం వచ్చి వదినకు రెండు చెవులూ పోయాయి. వేసవి సెలవులకు నేను తోడు వెళ్ళేదాన్ని గానీ, పడుకున్నానంటే పిడుగు పడ్డా లేచే రకం కాదు. ఎవరైనా తలుపు తోసినా తనకు వినపడదని వదిన రాత్రంతా దీపం తగ్గించుకుని తలుపుకేసి చూస్తూ కూర్చునేది. పగలు రోటి ముందు పచ్చడి నూరుతూ నూరుతూ తూగేది. కాళ్ళ దగ్గర కుక్క పడుకుంటే, అది లేచినప్పుడు తనకూ మెలకువ వస్తుందని ఆవిడ ఆశ. చెవిటిదానికి కుక్కేందని వీధిలో చానామంది నవ్వారు.

అన్నయ్య గురజాల దోవలో ఎవరి దగ్గర్నుంచో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. మా వైపు కుక్కపిల్లను మెడ తోలు పట్టి ఎత్తి చూస్తారు; కుయ్యిమనకపోతే రోషమున్నదని లెక్క. ఇది ఎత్తినప్పుడూ కిక్కురుమనలేదు, సైకిలు మీద సంచిలోనూ కిక్కురుమనలేదని మురిసిపోతూ సైగలతో చెప్పాడు. వదిన దాని ఉబ్బిన పొట్ట తడిమింది, పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్ళు చూసింది.

"అది రోషం కాదయ్యా. ఏడవడానికి ఓపిక లేదు దానికి," అంది.

వారం తిరక్కుండానే పోయింది. వదిన ఏడ్చిన ఏడుపు ఆ పిల్ల ఒక్కదాని కోసమే కాదని, మళ్ళీ మొదలయ్యే నిద్రలేని రాత్రుల కోసం కూడానని నాకప్పుడు తెలియదు.

తర్వాత తనే నన్ను వెంటబెట్టుకుని ఒక గొర్రెల మంద దగ్గరికి వెళ్ళింది. ఈనిన కుక్క నిగనిగలాడుతోంది, పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి పొర్లుతున్నాయి. మంద కాసే అవ్వ మాత్రం ఇవ్వనంది. ఇంకా పాలు మరవలేదు, సొంతంగా అంబలి తాగేటప్పుడు రమ్మంది. నేను సైగలతో వదినకు చెప్పాను. అన్నయ్యేమో విసుక్కున్నాడు, ఏదో ఒక కుక్క, వీధిలో బోలెడున్నాయి కదా అని. వదిన ఒప్పుకోలేదు. ఆగడమంటే మళ్ళీ అన్ని రాత్రులు తలుపుకేసి చూస్తూ కూర్చోవడమే. అయినా ఆగింది. వారం వారం తల్లికుక్కకు జొన్న సంకటి పట్టుకెళ్ళి, దాని పక్కనే కాసేపు కూర్చుని వచ్చేది. ఆఖరికి ఒక పిల్ల తనంతట తానే గిన్నెలో మూతి పెట్టి ఒంటినిండా అంబలి పూసుకుంది. అవ్వ ఎత్తగానే మందంతా బెదిరేలా అరిచింది. వదిన దాని గొంతు మీద వేలు పెట్టి ఆ అదురు చూసుకుని, ఇదే అంది.

కాపలా కాసే వయసా దానిది! ఆ రాత్రి వదిన, నేను, కుక్కపిల్ల ముగ్గురం ఒళ్ళు తెలియకుండా పడుకున్నాం. తెల్లారి అన్నయ్య చానాసేపు తలుపు కొడితే చివరికి నేనే తీశాను. వదిన మొదటిసారి తలుపుకు వీపు పెట్టి నిద్రపోతోంది, కాళ్ళ మీద పిల్ల. లేపొద్దని నాకు సైగ చేసి, ఆ వినపడని మనిషి నిద్ర చెడుతుందేమోనని అన్నయ్య చెప్పులు చేత పట్టుకుని నడిచాడు. వదినకు అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. ఆ నిద్ర ఎంత అలసటదో తెలియడానికి నాకు ఎనభై దగ్గర పడాల్సి వచ్చింది.